కొద్దిగా వాలవచ్చు

జూన్ 9

ఇవాళ్టి మాట: కిణ్వనం. స్కూల్ పుస్తకాల నుంచీ చదువుతున్న మాటే, కానీ దాని వాసన ఇవాళే తెలిసింది. కంపెనీ ల్యాబ్ తలుపు తీయగానే ముక్కుకి తగిలింది. పులిసిన పిండీ, మగ్గిపోయిన పండూ, కాస్త స్పిరిటూ కలిపినట్టుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆరు నెలలు ఇక్కడే.

నాకు పని నేర్పే సీనియర్‌ని అందరూ ఈస్టక్క అంటారు. పన్నెండేళ్లుగా ఈస్ట్‌తోనే కాపురం చేస్తోందట. ప్రాజెక్టు మొత్తం రెండు నిమిషాల్లో చెప్పేసింది. జొన్న గింజ మనుషులకి, చొప్ప మనకి. చొప్పలోంచి బళ్లకి పోసే ఇంధనం తీస్తాం, మిగిలిన ఈస్ట్‌ని ఎండబెట్టి ప్రొటీన్ పిండి చేస్తాం. మామూలు ఈస్ట్‌కి చొప్ప కొరుకుడుపడదు, అందుకని చెక్కని కుళ్లబెట్టే బూజులోంచి జన్యువులు తెచ్చి దానికి పెట్టాం. అటు జొన్నలోనూ జన్యువు మార్చి, కాండాన్ని గట్టిగా నిలబెట్టే లిగ్నిన్‌ని తగ్గించాం. ఇటు నోటికి పళ్లు పెట్టాం, అటు ముద్ద మెత్తగా కలిపాం, ఇంక తినడానికి దానికేం రోగం అంది.

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫ్లాస్కులు కడగమంది.

రోజుకో మంచి మాట రాసుకోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను. ఒక్కరోజు కూడా మానను.

జూన్ 12

ఇవాళ్టి మాట: నురగ.

అమ్మా నాన్నా ఉద్యోగాలు చేసే ఊరు వేరు. డిగ్రీ నుంచీ నేను బాబాయ్ వాళ్లింట్లోనే ఉంటున్నాను. ల్యాబ్‌కి ఒక బస్సు దూరం. బాబాయ్‌కి మూడెకరాల జొన్న చేనూ, రెండు గేదెలూ ఉన్నాయి. రోజూ నేను గడప దాటకముందే మొదలుపెడతాడు. ఏమ్మా శాస్త్రవేత్తమ్మా, ఇవాళ ఎన్ని పురుగుల్ని పెంచావు అని అడిగాడు. పురుగులు కాదు బాబాయ్, ఈస్ట్ అన్నాను, ఒక్క ఫ్లాస్కులో వెయ్యి కోట్లుంటాయి అన్నాను. విన్నావుటే, జీవితమంతా గొడ్డుచాకిరీ చేసి నేను రెండు గేదెల్ని సంపాదిస్తే మన పిల్ల మూడు రోజుల్లో వెయ్యి కోట్ల మందని తోలుకొచ్చింది అన్నాడు పిన్నితో. పిన్ని లోపల్నుంచే, పాలిస్తాయా అవి అని అడిగింది. పెట్రోలిస్తాయి అన్నాను. అయితే పేడ ఎవరు ఎత్తుతారో అది చెప్పమను అంది పిన్ని.

బాబాయ్ నవ్వుతూనే ఉన్నాడు చాలాసేపు.

జూన్ 17

నా జీవితంలో గొప్ప రోజు!

రిసెర్చ్ అంతటికీ హెడ్ అయిన పెద్దసార్ నన్ను క్యాబిన్‌కి పిలిచారు. కాలేజీ మ్యాగజైన్‌లో నా వ్యాసం చదివారట. మీ తెలుగు బాగుందమ్మా, మన జొన్నని ఈ సీజన్‌లో మొదటిసారి రైతుల పొలాల్లో వేయిస్తున్నాం, వాళ్లకిచ్చే కరపత్రం మీరు రాయండి అన్నారు. మీరు అన్నారు నన్ను! ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఇచ్చారు. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోవడం మరిచిపోయాను.

జూన్ 19

మూడు పేజీలు అయ్యాయి. స్టార్చ్‌కి గంజి అని రాసి కొట్టేసి పిండిపదార్థం అని రాసి మళ్లీ కొట్టేశాను. చివరికి గింజలోని పిండి అన్నాను. హాయిగా ఉంది.

నాలుగో పేజీలో ఆగిపోయాను. లాడ్జింగ్ రిస్క్: హై అని ఉంది. లాడ్జింగ్ అంటే నాకు తెలిసింది అద్దె గదులే. పొలంలో గదులేమిటని ఈస్టక్కని అడిగితే ఆమె మొదటిసారి నవ్వింది. చేతిలో పిపెట్ కింద పెట్టి మరీ నవ్వింది. వ్యవసాయం వాళ్ల లాడ్జింగ్ వేరే తల్లీ, గాలివానకి పైరు మొదలంటా నేలమీద పడుకుంటే దాన్ని అలా అంటారు, మన జొన్నలో లిగ్నిన్ తగ్గించాం కదా, నడుములో బలం ఉండదు అంది.

ఇంటికొచ్చి బాబాయ్‌ని అడిగాను, అలా అయితే మీరు ఏమంటారని. పడిపోయింది అంటాం అన్నాడు. ఇంకేమీ అనరా అన్నాను. చేను పడిపోయాక ఇంకేం అనడానికి నోరు లేస్తుందమ్మా అన్నాడు.

రాశాను: గాలివానకి పైరు పడిపోయే ప్రమాదం ఎక్కువ.

జూన్ 20

పెద్దసార్ మొత్తం చదివారు. మెచ్చుకున్నారు. ఆ ఒక్క వాక్యం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు. అబద్ధం రాయమనడం లేదమ్మా, కానీ టోన్ చూడండి, ప్రమాదం, పడిపోవడం, ఎక్కువ, మూడు మాటలూ మూడు రాళ్లలా ఉన్నాయి, ఇది చదివి ఎవరు వేస్తారు, ఇదే అర్థంతో కాస్త మెత్తని మాట లేదా, మీరు మాటల మనిషి కదా అన్నారు.

మాటల మనిషి. ఆ రెండు మాటలకే పడిపోయాను నేను. (పైరు కన్నా ముందు.)

అక్కడే నిలబడి వెతికాను. వంగు. ఒరుగు. వాలు. పిట్ట కొమ్మ మీద వాలుతుంది. పొద్దు వాలుతుంది. నిద్ర ముంచుకొస్తే రెప్ప వాలుతుంది, పసిబిడ్డ తల భుజం మీద వాలుతుంది. ఎంత మంచి మాట! దీనితో ఎవరికీ దెబ్బ తగలదు.

గాలికి పైరు కొద్దిగా వాలవచ్చు అని చెప్పాను. అద్భుతం అన్నారు పెద్దసార్. అక్కడే ఫెయిర్ కాపీ రాయించి, పాతది తీసి పక్కనున్న కాగితాలు తురిమే మిషన్లో వేశారు.

కొద్దిగా అన్నది నేనే కలిపాను. ఆయన అడగలేదు. వాక్యానికి తూగు కోసం.

జూన్ 27

కరపత్రం అచ్చయింది. పేరు లేదు కానీ నాదే. పది కాపీలు ఇంటికి తెచ్చుకున్నాను.

బాబాయ్‌కి అచ్చు చదవడం కూడబలుక్కుంటే గానీ రాదు. నువ్వే చదవమ్మా, రాసిన నోటితో వింటే రుచి వేరు అని గట్టు మీద గొంగళి పరిచినట్టు నిదానంగా అరుగు మీద కూర్చున్నాడు. పిన్ని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను నాటకంలోలా చదివాను. గింజ ఇంటికి, చొప్ప కంపెనీకి, కోత మిషన్ కంపెనీదే. బాబాయ్ తల ఊపుతూనే ఉన్నాడు. గాలికి పైరు కొద్దిగా వాలవచ్చు దగ్గర చెయ్యి పైకెత్తి ఆపాడు.

వాలుతుందటే, విన్నావా అన్నాడు పిన్నితో. గింజ అంత బరువుంటుందన్నమాట, కంకి వాలితేనే కదా పంట అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. రైతు చెవికి వాలడం అంటే కంకి వాలడం. గింజ నిండి తల దించుకోవడం. అది ప్రమాదం కాదు, పండుగ.

చెప్పాలి. నోరు తెరిచాను. ఎంత ముచ్చటగా రాశావమ్మా, కళ్లకి కట్టినట్టుంది అన్నాడు. నోరు మూసుకున్నాను.

పిన్ని మాత్రం, సగమే వెయ్యి, సగం మన పాత విత్తనం వెయ్యి, గేదెల మేతకి మన చొప్ప మనకుండాలి అంది. మన పిల్ల రాసిన కాగితమే, పరాయివాళ్లదా సగం నమ్మడానికి అన్నాడు బాబాయ్. మూడెకరాలకీ ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు.

జూన్ 28

రేపు చెబుతాను.

జూన్ 30

నిన్న తెల్లవారుజామున వాన పడింది. నేను లేచేసరికే బాబాయ్ పొలానికి వెళ్లిపోయాడు. విత్తేశారు.

జూలై 22

మాటలు రాయడం మానేశాను కొన్నాళ్లు. పని ఎక్కువ. రోజూ ఈస్ట్ పెంచే ప్లేట్లు పోయడం, వాటి మీద ఈస్ట్‌ని గీయడం, మొలిచినవి లెక్కపెట్టడం. నిజం చెప్పాలంటే పని కారణం కాదు.

చేను మోకాలెత్తు వచ్చింది. ఆకు ముదురు పచ్చ. బాబాయ్ రోజూ వెళ్లి చూసి వచ్చి నాకు రిపోర్టు ఇస్తున్నాడు. మీ జొన్న నా పాత జొన్నలా కాదమ్మా, పెళ్లికెదిగిన పిల్లలా రోజుకో జానెడు పొడుగవుతోంది అన్నాడు. మీ జొన్న అంటాడు. నాది అయిపోయింది.

ఆగస్టు 21

నా పద్నాలుగో నంబర్ ఫ్లాస్కు రికార్డు కొట్టింది. ఇంతవరకూ ఎవరి ఈస్టూ చొప్పని ఇంత తొందరగా తినలేదట. ఈస్టక్క నా వీపు తట్టింది. నేను ఆ సంతోషంలో నా కరపత్రం ఆమెకి చూపించాను. ఇన్నాళ్లూ చూడలేదామె. చదివి, ఇదెవరు రాశారు అంది. నేనే అన్నాను. ఈ వాలడం ఏంటి అంది. చెప్పాను. పోయిన సీజన్‌లో మన ట్రయల్ ప్లాట్లు మూడింటికి రెండు పడిపోయాయి తెలుసా అంది.

తెలియదు నాకు. హై అంటే అంత హై అని తెలియదు.

ఆమె కడిగిన ఫ్లాస్కునే తీసుకుని మళ్లీ కడిగింది.

ఆగస్టు 23

ఇవాళ పొలానికి వెళ్లాను, చెప్పేద్దామని. జొన్న బాబాయ్ తల దాటిపోయింది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. బాబాయ్, ఈ కాండం మెత్తన, గాలి గట్టిగా వస్తే ఎలా అన్నాను. వాలుతుంది, నువ్వే రాశావు కదుటమ్మా, వాలిందే మళ్లీ లేస్తుంది అన్నాడు.

కాదు బాబాయ్, పడిపోతుంది అనాలి. నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. అనలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, నిద్ర చెడగొట్టడం తప్ప అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత బాగా సర్దిచెప్పుకుంటానో. మాటల మనిషిని కదా.

సెప్టెంబర్ 24, సాయంత్రం 6

మధ్యాహ్నం రెండింటికి గాలి మొదలైంది. తర్వాత వాన. గంటన్నర. ల్యాబ్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పార్కింగ్‌లో చెట్టు కొమ్మ కూడా విరగలేదు. అంత పెద్ద గాలేం కాదు.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా పొలానికి వెళ్లాను. దూరం నుంచి చేను కనిపించలేదు. దారి తప్పాననుకున్నాను. ఎదురుగా ఎప్పుడూ చేను అడ్డంగా ఉండి కనపడని అవతలి రోడ్డు కనిపించింది. దాని మీద పోతున్న బస్సు చక్రాలతో సహా కనిపించింది.

మూడెకరాలూ ఒకే వైపు, దువ్విన జుట్టులా పడుకుని ఉంది. బాబాయ్ నడుమ నిలబడి ఉన్నాడు. ఒక దంటుని ఎత్తి నిలబెట్టాడు. వదిలాడు. పడింది. నాలుగు కలిపి తలపాగా గుడ్డతో కట్టి నిలబెట్టాడు. నాలుగూ కలిసి పడ్డాయి. మొదళ్ల దగ్గర తడిసిన అట్టలా మడతపడి ఉన్నాయి. పక్క చేలో పాత జొన్న కాస్త వంగి నిలబడే ఉంది.

నన్ను చూసి తిడతాడనుకున్నాను. చేతికంటిన బురద చూసుకుంటూ, ఇది వాలడమా అమ్మా అని అడిగాడు.

నిజంగానే అడిగాడు. తెలియక అడిగినట్టే అడిగాడు.

సెప్టెంబర్ 28

కోత మిషన్ వచ్చింది. పళ్లు నేల కంటే పైన ఉంటాయి, పడుకున్నదాన్ని ఎత్తలేవు. డ్రైవర్ దిగి చూసి, నిలబడ్డ పంటకైతే ఫోన్ చెయ్యండి అని వెళ్లిపోయాడు. కంకులకి తేమ తగిలి అక్కడక్కడా గింజ మొలకెత్తుతోంది. మొలక అన్న మాట ఇంతకుముందు ఇష్టంగా ఉండేది.

సెప్టెంబర్ 30

బాబాయ్, పిన్ని, ఇద్దరు కూలీలు కొడవళ్లతో కోసి ఒక ట్రాక్టర్ చొప్ప ఫ్యాక్టరీ గేటుకి తీసుకొచ్చారు. గేటు దగ్గర శాంపిల్ తీస్తారు. శాంపిల్ ల్యాబ్‌కి వస్తుంది. ల్యాబ్‌లో దాన్ని ప్లేట్ మీద వేసి చూసేది నేను.

అక్టోబర్ 2

ప్లేట్ నిండా నల్ల బూజు. బురదలో పడుకున్న చొప్ప కదా. ఈ బూజు చొప్పని పులియబెట్టే ఫెర్మెంటర్‌లోకి వెళితే మా ఈస్ట్ మొత్తం చస్తుంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నలుపే. రైతు కోడ్ నంబర్ ఎదురుగా రిజెక్ట్ అని నా చేతివ్రాతతో రాశాను. ఆ కోడ్ ఎవరిదో ఈస్టక్కకి తెలుసు. నేను రాస్తాలే అంది. వద్దు, నేనే రాస్తాను అన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్లాను. గేటు నుంచి తిరిగొచ్చిన చొప్ప ట్రాక్టర్ వాకిట్లోనే ఉంది.

అక్టోబర్ 6

మీటింగ్. చేలు పడిపోయిన రైతులందరూ వచ్చారు. కరపత్రం మమ్మల్ని మోసం చేసింది, నష్టపరిహారం ఇవ్వాలని అడిగారు. పెద్దసార్ మైకు పట్టుకుని నా వాక్యం చదివారు. గాలికి పైరు కొద్దిగా వాలవచ్చు. ముందే చెప్పాం కదండీ అన్నారు. ఎంత చక్కగా చదివారో.

వెనక నుంచి ఒక ముసలి రైతు లేచి, అయ్యా, మా ఇంటి కోడలు వాలు కుర్చీలో కూర్చుంటే కోడలు పడిపోయింది అంటామా అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నవ్వాక మరీ కోపం వచ్చింది వాళ్లకి. కుర్చీలు లాగేశారు. బాబాయ్ నవ్వలేదు, అరవలేదు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు, రాసింది నేనేనని అందరికీ చెప్పేస్తాడేమో అని నేను గోడవారకి జరుగుతుంటే.

చివరికి విచారణకి బయటివాళ్లతో కమిటీ వేస్తామన్నారు.

అక్టోబర్ 7

పెద్దసార్ క్యాబిన్. వాలడం అన్నా పడిపోవడం అన్నా ఒకటేనని కమిటీకి ఒక పేజీ రాసివ్వండి, నిఘంటువులు తిరగేస్తే దొరుకుతుంది అన్నారు. రిసెర్చ్ సీటుకి రికమండేషన్ లెటర్ గురించి కూడా అన్నారు. రెండూ ఒకే ఊపిరిలో అనలేదు. మధ్యలో కాఫీ తాగారు.

అక్టోబర్ 8

పిన్నికి ఎలా తెలిసిందో. గేదెలకి నీళ్లు పెడుతూ, రాసిస్తున్నావా అంది. ఆలోచిస్తున్నాను పిన్నీ అన్నాను. ఆలోచించు, ఈ ఇంట్లో తిని, ఈ ఇంట్లో పడుకుని, మా మాటకి అర్థం మాకే నేర్పించు అంది. బకెట్ గట్టిగా కూడా పెట్టలేదు.

అక్టోబర్ 9, తెల్లవారుజాము 5

రాశాను. నిజమే రాశాను. ఇదిగో:

లాడ్జింగ్ అంటే పడిపోవడం అని నాకు తెలుసు. ముందు ఆ మాటే రాశాను. సార్ మెత్తని మాట అడిగారు. వాలు అన్న మాట నాదే. కొద్దిగా అన్నదీ నాదే, ఎవరూ చెప్పలేదు. రైతులు దాన్ని వేరుగా అర్థం చేసుకుంటారని విత్తనం వేయకముందే నాకు తెలిసింది. అయినా చెప్పలేదు. తప్పు నాది.

మొత్తం ఒప్పుకున్నాక గుండె తేలికైంది. నాకు ఇంత సూటిగా రాయడం వచ్చని తెలియదు. ఒక్క అలంకారం లేదు. బాబాయ్‌కి పరిహారం వస్తుంది. సీటు పోతే పోతుంది.

అక్టోబర్ 10

ఈస్టక్కకి చూపించి కమిటీకి ఇద్దామనుకున్నాను. కానీ ముందు ఇచ్చేసి తర్వాత చూపించాను. ఆమె చదివి కుర్చీలో కూర్చుంది. తప్పు నాది అని ఎందుకు రాశావే పిచ్చిదానా, అడిగినదానికి జవాబు చెప్పాలి గానీ వ్యాసం రాస్తారా అంది. ఆయన సున్నా చుట్టిన కాగితం ఏదీ అంది. మిషన్లో వేసేశారు అన్నాను.

అక్టోబర్ 19

కమిటీ నిర్ణయం నోటీసు బోర్డు మీద అంటించారు. నిలబడి చదివాను. కంపెనీ ఇచ్చిన అసలు ఇంగ్లీషు పత్రంలో ప్రమాదం ఎక్కువ అని స్పష్టంగా ఉంది. అనువాదంలో దోషం శిక్షణలో ఉన్న విద్యార్థినిది. ఆమె స్వయంగా, స్వచ్ఛందంగా అంగీకరించింది. వాలు అన్న మాట నాదే, కొద్దిగా అన్నదీ నాదే, తప్పు నాది. నా వాక్యాలు కొటేషన్లలో పెట్టారు. మెత్తని మాట అడిగారన్న వాక్యానికి ఆధారం లేదట. కాబట్టి కంపెనీ బాధ్యత లేదు. పరిహారం లేదు. సద్భావంతో వచ్చే సీజన్‌కి విత్తనం ఉచితంగా ఇస్తారు.

అదే విత్తనం.

నేను పెద్దసార్ చెప్పిన అబద్ధం రాసి ఉంటే కమిటీ నవ్వి పారేసేది. ముసలి రైతు ఒక్కడు చాలు దాన్ని చించడానికి. నా నిజాన్ని మాత్రం ఎవరూ చించలేకపోయారు.

అక్టోబర్ 20

పెద్దసార్ లెటర్ ఇచ్చారు. నేను అడగలేదు. ఈ విద్యార్థిని అసాధారణమైన నిజాయితీ గలది అని మొదటి వాక్యం. మీ వయసులో నాకంత ధైర్యం లేదమ్మా అన్నారు. వెటకారం కాదు. మనస్ఫూర్తిగా అన్నారు. అదే భరించలేకపోయాను.

అక్టోబర్ 21

పడిపోయిన చొప్పని గేదెలు మాత్రం తెగ తింటున్నాయి. బూజు లేనివి ఏరి వేస్తోంది పిన్ని. చాలా మెత్తగా ఉంది కదా, నమలక్కర్లేదు అంది. నాతో కాదు, గేదెలతో.

బాబాయ్ శాస్త్రవేత్తమ్మా అని పిలవడం లేదు. అమ్మాయ్ అంటున్నాడు. అన్నం తిను అమ్మాయ్. తలుపు వేసుకో అమ్మాయ్. కోపం ఏమీ లేదు గొంతులో. వెతికాను.

నేను ఇల్లు మారతాను, హాస్టల్‌కి వెళతాను అన్నాను. ఎందుకు అన్నాడు. నిజంగానే తెలియనట్టు అడిగాడు మళ్లీ.

అక్టోబర్ 27

పైవాళ్లకి అర్జీ పెట్టుకుంటాం, రాసిపెట్టు అమ్మాయ్ అన్నాడు బాబాయ్. కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, ఏమీ కలపకు అన్నాడు.

నా మూడెకరాల జొన్న పడిపోయింది.

తర్వాత అన్నాను. అంతే అన్నాడు. సంతకం పెట్టి, చదివించుకు రావడానికి పక్కింటికి తీసుకెళ్లాడు.